అప్‌డేట్‌లు ఆగిన ట్యాబ్: పోయిందేమిటి, మిగిలిందేమిటి

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను, ఐప్యాడ్లను హడలెత్తించింది. ‘జ్ఞా’ను మామూలుగా టైపు చేస్తే ఏమీ కాదు. దాని మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతాన్ని ఇరికించి పంపితే మాత్రం, ఆ సందేశాన్ని తెరమీద చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. మళ్ళీ తెరిచినా అంతే, ఎందుకంటే ఆ సందేశం ఇంకా అక్కడే కూర్చుని ఉండేది. తప్పు మన లిపిది కాదు. అక్షరాల ముక్కలను కిందా పక్కనా పేర్చి రూపం కట్టే ‘కోర్‌టెక్స్ట్’ అనే అంతర్భాగం ఆ వరుస ఎదురైనప్పుడు తన మెమరీని తానే పాడుచేసుకునేది. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. దాన్ని వేసుకున్నవాళ్ళకు బెడద తీరిపోయింది.

ఇంట్లో అప్‌డేట్‌లు ఆగిపోయిన పాత ట్యాబ్ ఉన్నవాళ్ళు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. అక్షరాలు చూపించడం తప్ప మరో పని లేని భాగంలో, రోజూ కోట్లమంది వాడుతున్న భాగంలో, ఇంత లోపం దాగి ఉంది. ఆండ్రాయిడ్ అడుగున పనిచేసే లినక్స్ కెర్నల్ ఒక్కదానిలోనే కోట్ల వరుసల కోడ్ ఉంది. ఎవరికీ తెలియని లోపాలు అందులో ఈ క్షణాన కూడా ఉన్నాయి. అవి ఒక్కొక్కటే బయటపడుతుంటాయి, వాటిని సరిచేసే కోడ్ అప్‌డేట్ రూపంలో వస్తుంటుంది. అప్‌డేట్ అనగానే కొత్త హంగులు గుర్తొస్తాయి గానీ, దాని అసలు విలువ ఈ మరమ్మతులోనే ఉంది.

మరమ్మతులు ఆగిన రోజున ట్యాబ్‌లో కొత్తగా చెడిపోయేది ఏమీ లేదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. మారేది దాని చుట్టూ ఉన్న ప్రపంచం. ఆండ్రాయిడ్‌లో ఏ భాగంలో ఏ లోపాన్ని సరిచేశారో గూగుల్ నెలనెలా బహిరంగంగా ప్రకటిస్తుంది. మరమ్మతు అందే పరికరాలకు అది రక్షణ. అదే లోపం పాత వెర్షన్‌లోనూ ఉండి, దానికి మరమ్మతు రాకపోతే, ఎక్కడ దెబ్బ కొట్టాలో దుండగులకు చదివి వినిపించినట్లే. అందువల్ల అప్‌డేట్ ఆగిన ట్యాబ్ మొదటి నెలలో కంటే మూడో ఏట ఎక్కువ ప్రమాదకరం. దానిలో లోపాలు పెరగకపోయినా, వాటి గురించి తెలిసినవాళ్ళు పెరుగుతారు.

ఈ నెలవారీ ప్రకటనల వెనకా ఒక పెద్ద ఉపద్రవమే ఉంది. 2015 జూలైలో జింపీరియం అనే భద్రతా సంస్థకు చెందిన జాషువా డ్రేక్ ‘స్టేజ్‌ఫ్రైట్’ లోపాలను బయటపెట్టారు. వీడియో ఫైళ్ళను విప్పి చూపించే లైబ్రరీ పేరు అది. లెక్కతప్పే విధంగా తయారుచేసిన వీడియోను ఎంఎంఎస్‌లో పంపితే, యజమాని దాన్ని తెరవకముందే ఫోన్ దాన్ని విప్పడం మొదలుపెట్టి, దాడి చేసినవాడి కోడ్‌కు తలుపు తీసేది. ఆండ్రాయిడ్ 2.2 నుంచి 5.1.1 దాకా అన్నిట్లోనూ ఈ లోపం ఉంది. 95 కోట్ల పరికరాలకు ముప్పు ఉందని ఆ సంస్థ అంచనా వేసింది. ఆ ఆగస్టు నుంచే గూగుల్ భద్రతా మరమ్మతులను నెలకొకసారి ఇవ్వడం మొదలుపెట్టింది.

మీ ట్యాబ్ ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ట్యాబ్లెట్’, అందులో సాఫ్ట్‌వేర్ వివరాలు తెరవండి. ‘ఆండ్రాయిడ్ వెర్షన్’ అంకె దగ్గర ఆగిపోకుండా, ‘సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్’ పక్కనున్న తేదీ చూడండి. వెర్షన్ పాతదైనా ఆ తేదీ ఇటీవలిదైతే నిశ్చింతగా ఉండవచ్చు. ఆ తేదీ గడిచి ఏడాది దాటితే ఆ పరికరం మరమ్మతుల జాబితాలోంచి బయటికి వచ్చేసిందనే అనుకోవాలి. ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ అని ఇంకో తేదీ కనిపిస్తుంది. అది కొన్ని భాగాలకు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి దాన్ని చూసి మోసపోవద్దు.

కంపెనీలు అప్‌డేట్‌లు ఎందుకు ఆపేస్తాయి? కొత్తవి అమ్ముకోవడానికే అన్న మాటలో నిజం లేకపోలేదు. కానీ అంతకంటే లోతైన కారణం ఒకటి ఉంది. పదేళ్ళనాటి లాప్‌టాప్‌లో ఇవాళ్టి లినక్స్‌ను సునాయాసంగా ఎక్కించవచ్చు. అదే వయసున్న ట్యాబ్‌లో ఇవాళ్టి ఆండ్రాయిడ్ ఎక్కించడం నిపుణులకే చెమటలు పట్టించే పని. ఎందుకంటే, లాప్‌టాప్ తెరవగానే తనలో ఏయే భాగాలున్నాయో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తానే చెప్పుకుంటుంది. దానికి దశాబ్దాలుగా కుదిరిన ఉమ్మడి పద్ధతులున్నాయి. ట్యాబ్‌లలో వాడే ఆర్మ్ చిప్‌లకు అలాంటి ఉమ్మడి పద్ధతి బలపడలేదు. ఏ తీగ ఎక్కడ కలుస్తుందో, ఏ చిరునామాలో కెమెరా ఉందో, ఏ మోడల్‌కు ఆ మోడల్ వివరం విడిగా రాసి కెర్నల్‌లో కలపాలి. కెమెరాను, వైఫైని, గ్రాఫిక్స్‌ను నడిపించే డ్రైవర్లు చాలావరకు చిప్ కంపెనీ చేతిలో రహస్యంగా ఉంటాయి. క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి సంస్థలు ఒక చిప్‌కు ఫలానా కెర్నల్ వెర్షన్‌తో పనిచేసే డ్రైవర్లు ఇస్తాయి. కొన్నేళ్ళ తర్వాత ఆ చిప్‌ను పట్టించుకోవడం మానేస్తాయి. అప్పుడిక ట్యాబ్ మీద పేరున్న కంపెనీకి మనసున్నా మార్గం ఉండదు.

గూగుల్ సొంత ట్యాబ్‌కే ఇది తప్పలేదు. 2012లో ఆసుస్ తయారీగా వచ్చిన నెక్సస్ 7, ఎన్విడియా టెగ్రా 3 చిప్‌తో పనిచేసేది. ధర తక్కువ, పనితనం బాగుందని చాలామంది మెచ్చి కొన్నారు. మూడేళ్ళలో, ఆండ్రాయిడ్ 5.1.1 దగ్గర దాని ప్రయాణం ఆగిపోయింది.

ఈ ముడి విప్పడానికి గట్టి ప్రయత్నాలే జరిగాయి. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ‘ప్రాజెక్ట్ ట్రెబుల్’ చిప్ కంపెనీ కోడ్‌కూ ఆండ్రాయిడ్‌కూ మధ్య గోడ కట్టి, ఒకదాన్ని కదపకుండా మరోదాన్ని మార్చే వీలు కల్పించింది. 2019లో ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ‘మెయిన్‌లైన్’ కొన్ని ముఖ్య భాగాలను తయారీదారుతో నిమిత్తం లేకుండా ప్లే ద్వారానే సరిచేసే దారి తెరిచింది. 2023లో పిక్సెల్ 8కు 7 సంవత్సరాల అప్‌డేట్‌లు ఇస్తామని గూగుల్ ప్రకటించగలిగింది. అంటే, ఇది ఎవరూ దాటలేని సాంకేతిక అవరోధం కాదు. డబ్బు పెట్టి పూనుకుంటే దాటగలరని తేలిపోయింది. చవక ట్యాబ్‌ల విషయంలో ఆ పూనిక ఇంకా కనిపించడం లేదు.

పాత ట్యాబ్ యజమానులను ఎక్కువగా అయోమయంలో పడేసేది ఇంకొకటి ఉంది. ఒకరోజు ఉన్నట్టుండి బ్రౌజర్‌లో ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక వస్తుంది. నిన్నటిదాకా తెరుచుకున్న వెబ్‌సైటే ఇవాళ మొరాయిస్తుంది. ట్యాబ్ చెడిపోయిందనుకుని మొబైల్ షాపుకు తీసుకెళ్తారు. చాలా సందర్భాల్లో అక్కడ జరిగింది వేరు.

సురక్షితమైన ప్రతి వెబ్‌సైటూ తన గుర్తింపుకు ఒక డిజిటల్ సర్టిఫికెట్ చూపిస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను మన ట్యాబ్ ఎలా నమ్ముతుంది? అప్పు ఇచ్చేవాడు అడిగినవాడి ముఖం కాక, జామీను సంతకం చేసినవాడి ముఖం చూసినట్లే. ఆ జామీను ఇచ్చే సంస్థల జాబితా ట్యాబ్‌లోనే ఉంటుంది. వాటిని రూట్ సర్టిఫికెట్లంటారు. ఆ జాబితా తయారైన తర్వాత పుట్టిన సంస్థ ట్యాబ్‌కు అపరిచితమే. పైగా జాబితాలోని ప్రతి పేరుకూ గడువు తేదీ ఉంటుంది. అప్‌డేట్‌లు ఆగిన ట్యాబ్‌లో జాబితా మారదు, గడువులు మాత్రం వరసగా తీరిపోతుంటాయి.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ కోట్లాది వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది. కొత్తగా మొదలైనప్పుడు దాని పేరు ఎవరి జాబితాలోనూ లేదు కాబట్టి, ఐడెన్‌ట్రస్ట్ అనే పాత సంస్థ జామీను మీద నడిచింది. ఆ పాత రూట్ గడువు 2021 సెప్టెంబర్ 30. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత రూట్ ఆండ్రాయిడ్ 7.1.1 నుంచి మాత్రమే ఉంది. 2020 నవంబర్‌లో చూస్తే ఆండ్రాయిడ్ పరికరాల్లో దాదాపు మూడోవంతు అంతకంటే పాతవి! అవన్నీ ఒకేరోజున కోట్ల వెబ్‌సైట్లకు దూరమయ్యే పరిస్థితి. అప్పుడు ఇంజినీర్లు ఒక సూక్ష్మాన్ని పట్టుకున్నారు. తనలో ముందే నాటుకున్న రూట్‌ల గడువు తేదీని ఆండ్రాయిడ్ పరిశీలించదు. కాబట్టి గడువు తీరబోతున్న ఆ పాత రూట్ చేతనే, దాని గడువును దాటి 2024 సెప్టెంబర్ 30 దాకా చెల్లే జామీను రాయించారు. ఆ పని పాత పరికరాలకు మూడేళ్ళ ఆయుష్షు పోసింది. అందులో పేదల ఫోన్లు ఎన్నో, పల్లెల్లో చేతులు మారిన ట్యాబ్‌లెన్నో! ఇంజినీరింగ్‌లో దయ అంటే ఇదే అనిపిస్తుంది నాకు. ఆ మూడేళ్ళూ ముగిశాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి రూట్ జాబితాను కూడా ప్లే ద్వారానే మార్చే వీలు వచ్చింది కాబట్టి, ఇకముందు కొనేవాటికి ఈ చిక్కు తగ్గుతుంది.

అలాంటి హెచ్చరిక వస్తే ముందు ట్యాబ్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. నెలల తరబడి బీరువాలో పడి ఛార్జింగ్ పూర్తిగా దిగిపోయిన ట్యాబ్ గడియారం ఏ పాత తేదీకో వెళ్ళిపోతుంది, అప్పుడు సక్రమమైన సర్టిఫికెట్ కూడా చెల్లనట్లు కనిపిస్తుంది. తేదీ సరిగానే ఉంటే ఫైర్‌ఫాక్స్ ప్రయత్నించండి. అది ట్యాబ్ జాబితాను నమ్ముకోకుండా సొంత జాబితా వెంట తెచ్చుకుంటుంది. అయితే బ్రౌజర్లకూ హద్దులున్నాయి. క్రోమ్ 2023 చివరలో ఆండ్రాయిడ్ 7ను, 2025లో ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసింది. ఒక పరికరంలో తాజా బ్రౌజర్ ఏదీ పనిచేయని రోజు వస్తే, దానితో ఇంటర్నెట్ చూడటం మానేయాల్సిన రోజు వచ్చిందనే లెక్క. హెచ్చరిక తెర మీద ‘అయినా ముందుకు వెళ్ళు’ అని నొక్కడం మాత్రం ఏ రోజునా చేయకూడని పని.

‘హ్యాంగ్ అవుతోంది’ అన్న ఫిర్యాదుకు అప్‌డేట్‌లతో నేరుగా సంబంధం లేదు. ట్యాబ్‌లోని ఫ్లాష్ మెమరీ ఉన్నచోటనే చెరిపి రాయలేదు. రాయడం చిన్న పేజీల్లో, చెరపడం పెద్ద బ్లాకుల్లో జరుగుతుంది. ఖాళీ తగ్గేకొద్దీ, కొత్తది రాయడానికి పాతవాటిని అటూఇటూ జరుపుకోవాల్సి వస్తుంది. నిండిపోయిన ట్యాబ్ నత్తనడక నడిచేది అందుకే. ఫోటోలు, వీడియోలు కంప్యూటర్‌లోకి తీసేసి కనీసం పావువంతు ఖాళీ ఉంచండి. అక్కర్లేని యాప్‌లు తీసేయండి. చాలావాటికి ప్రాణం లేచొస్తుంది.

ఇక అసలు నిర్ణయం. నమ్మకం అవసరమైన పనులు ఆ ట్యాబ్ మీద ఆపేయాలి. బ్యాంకు యాప్, యూపీఐ, ఆధార్‌తో ముడిపడిన సేవలు, ముఖ్యమైన మెయిల్ అకౌంట్ ఈ కోవలోకి వస్తాయి. మెయిల్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మిగతా అన్ని పాస్‌వర్డ్‌లనూ మార్చుకునే లింకు వచ్చేది ఆ మెయిల్‌కే కాబట్టి, నా దృష్టిలో బ్యాంకు యాప్ కంటే ముందు తీసేయాల్సింది అదే. ప్లే స్టోర్‌లో దొరకడం లేదని తెలియని వెబ్‌సైట్ల నుంచి ఏపీకే ఫైళ్ళు దించుకుని వేయడం, ఉన్న లోపాలకు మనమే కొత్త ముప్పు జోడించుకోవడం. ట్యాబ్‌ను వైఫైకి కలపక తప్పకపోతే, రౌటర్‌లో ‘గెస్ట్ నెట్‌వర్క్’ తెరిచి దానికే కలపండి. అప్పుడు ట్యాబ్ దుండగుల చేతిలో పడినా, ఇంట్లోని మిగతా కంప్యూటర్ల జోలికి పోలేదు.

నమ్మకంతో పనిలేని పనులు ఎన్నో మిగిలాయి. అక్కడే పాత ట్యాబ్ మళ్ళీ మొనగాడవుతుంది. కివిక్స్ అనే ఉచిత యాప్‌లో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకసారి దించుకుంటే, ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. కంప్యూటర్‌లో దించి మెమరీ కార్డు ద్వారా ట్యాబ్‌లోకి ఎక్కిస్తే చాలు, ఫోన్ తెర మీద కళ్ళు చికిలించుకుని చదివే బాధ తప్పుతుంది. పిల్లల పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లకూ అంతే. సంగీతం నేర్చుకునేవాళ్ళ ఇంట్లో తంబూరా శ్రుతి వినిపించే యాప్‌కు పాత ట్యాబ్ ధారాళంగా సరిపోతుంది. చత్వారం వచ్చిన పెద్దవాళ్ళకు అక్షరాలు పెద్దవి చేసి చదువుకునే సాధనం అది. వీటిలో ఏదీ వైఫై ఆన్ చేయమని అడగదు.

సాంకేతికంగా చేయి తిరిగినవాళ్ళకు ఇంకో దారి ఉంది. 2016 డిసెంబర్‌లో మూతపడిన సయనోజెన్‌మాడ్ స్థానంలో స్వచ్ఛంద కార్యకర్తలు మొదలుపెట్టిన లీనియేజ్‌ఓఎస్, కంపెనీలు వదిలేసిన ఎన్నో పరికరాలకు కొత్త ఆండ్రాయిడ్ అందిస్తోంది. మీ మోడల్ వాళ్ళ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. బూట్‌లోడర్ తాళం తీస్తే ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పైగా చిప్ కంపెనీ రహస్య కోడ్‌లోని లోపాలను వాళ్ళు కూడా సరిచేయలేరు. బ్యాంకు యాప్‌లు చాలావరకు అలాంటి ట్యాబ్ మీద నడవవు. ఇన్ని షరతులున్నా, ఒక ట్యాబ్‌ను చెత్తబుట్ట నుంచి కాపాడే ఈ పని చేస్తున్నవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

బ్యాటరీ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. గోడకు తగిలించి గడియారంగానో ఫోటో ఫ్రేముగానో వాడుకునేవాళ్ళు ట్యాబ్‌ను రాత్రింబవళ్ళు ఛార్జింగ్‌లోనే ఉంచేస్తారు. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా, వేడిగా ఉన్నంతకాలం లోపలి ద్రావకం విచ్ఛిన్నమవుతూ వాయువు పుడుతుంది. కొంతకాలానికి బ్యాటరీ ఉబ్బి తెరను పైకి నెడుతుంది. ఛార్జింగ్‌ను 80, 85 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. లేకపోతే రోజులో కొంతసేపే ప్లగ్ పెట్టండి. ఉబ్బిన ట్యాబ్‌ను మళ్ళీ ఛార్జ్ చేయకండి, నొక్కకండి, పిన్నుతో గుచ్చకండి. సర్వీసు సెంటర్‌కు ఇవ్వండి.

ఎవరికైనా ఇచ్చేటప్పుడు ముందు మీ గూగుల్ అకౌంట్‌ను తీసేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఈ వరుస తప్పితే, దొంగతనం నుంచి కాపాడేందుకు ఆండ్రాయిడ్ 5.1 నుంచి వచ్చిన తాళం, తీసుకున్నవాళ్ళను లోపలికి రానివ్వకపోవచ్చు. ఐప్యాడ్‌లో ఐక్లౌడ్ నుంచి బయటికి వచ్చాక రీసెట్ చేయాలి. బాగా పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో రీసెట్‌కు ముందు ‘ఎన్‌క్రిప్ట్’ చేయడం మంచిది. ఫ్లాష్ మెమరీలో చెరిపేశామనుకున్నవి మూలల్లో మిగిలిపోతాయి. తాళంచెవి లేని ఎన్‌క్రిప్టెడ్ ముక్కలు మిగిలినా ఎవరికీ పనికిరావు.

ఏ పనికీ రాదని తేలితే తూకానికి మాత్రం వేయొద్దు. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైనది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఐరోపా సమాఖ్య ఇంకో అడుగు ముందుకు వేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్‌లోకి వచ్చే ఫోన్లకు, ట్యాబ్‌లకు, ఆ మోడల్ అమ్మకాలు ఆగిన తేదీ నుంచి కనీసం 5 సంవత్సరాలు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌లు ఇవ్వాలి. కొన్న తేదీ నుంచో విడుదల తేదీ నుంచో కాక, అమ్మకాలు ఆగిన తేదీ నుంచి లెక్కించమనడమే అందులో మెచ్చుకోవాల్సిన విషయం. మన దగ్గర రెండేళ్ళ పాత మోడల్‌ను పండగ ఆఫర్‌లో కొన్నవాళ్ళకు చేతికొచ్చేది సగం అయిపోయిన ఆయుష్షే.

మనకు ఇది చిన్న విషయం కాదు. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. ఆ పిల్లలు 2025లో పదో తరగతి దాటిపోయారు. ఆ ట్యాబ్‌ల వయసు కూడా మీద పడుతోంది. వాటిని మూలన పడేయకుండా, పుస్తకాలూ తెలుగు వికీపీడియా నింపి, తమ్ముళ్ళకో చెల్లెళ్ళకో ఊరి గ్రంథాలయానికో ఇవ్వమని ఆ ఇళ్ళవాళ్ళను కోరుతున్నాను. ఇకముందు ఏ ప్రభుత్వమైనా, ఏ బడైనా పిల్లల కోసం ట్యాబ్‌లు కొనేటప్పుడు, ధర, తెర సైజు అడిగినట్లే భద్రతా అప్‌డేట్‌లు ఏ తేదీ దాకా వస్తాయో టెండర్‌లోనే రాయించుకోవాలి. షాపులో కొనేవాళ్ళు కూడా డబ్బు కట్టకముందే ఆ తేదీ అడగండి. చెప్పలేని మోడల్‌ను కొనకండి.